ముత్యాలమ్మ పుంజు కాలి ముళ్లు

మా చిన్నప్పుడు... పొద్దున్నే తలుపు సందులోంచి వాకిట్లోకి చూసి, పుంజు ఎక్కడుందో తెలిశాకే గడప దాటేదాన్ని. చాట అడ్డం పెట్టుకుని బావి దాకా ఒకటే పరుగు...

ఇల్లందు అవతల అడవి అంచున మా ఊరు. ఆ పుంజు మాదే. ఎర్రటి ఈకలు, నల్లటి తోక... చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కాళ్ల వెనక ముళ్లు మాత్రం నా చిటికెన వేలంత పెరిగి, కొసలు వంకర తిరిగాయి. నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి టక్కుటక్కుమనేవి. ఆ చప్పుడు వింటే చాలు, నేను చాట వెతుక్కునేదాన్ని.

మామూలు పుంజయితే ఎప్పుడో కూరయ్యేది. కానీ అది మొక్కు పుంజు. మా తమ్ముడు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కళ్లు తేలేశాడట. దవాఖానాకు పోయే బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చుని, వాడు బతికితే పుంజునిస్తానని అమ్మ ముత్యాలమ్మకు మొక్కుకుంది. వాడు బతికాడు. తీరా ముత్యాలమ్మ పండుగ వచ్చేసరికి మా పాలివాళ్లలో ఒకాయన పోయాడు, మాకు మైల. మొక్కు మరుసటి ఏటికి పడింది.

మొక్కు పుంజును కొట్టకూడదు, తిట్టకూడదు, ఇనుము అసలే తాకించకూడదు. ఇక దానికి అల్లుడి మర్యాదలే... దానికి దారి వదిలి మేం బతికేవాళ్లం.

మిరపకాయలు ఏరే రోజుల్లో అమ్మా నాయనా చేనుకు పోతే తమ్ముణ్ని నేనే చూసుకోవాలి. వాడికి అప్పుడప్పుడే నడక వచ్చింది. భయమన్నది తెలియదు. "కో... కో..." అంటూ దాని వెనకే తప్పటడుగులు వేసేవాడు.

ఒకరోజు అది వెనక్కి తిరిగి ఎగిరింది. నేను చాట విసిరేలోపే వాడి మొహమంతా నెత్తురు... కన్ను పోయిందనుకున్నాను. ఇంటి వెనకున్న నాయనమ్మను కేకేశాను. నాయనమ్మ పరుగెత్తుకొచ్చి కొంగుతో తుడిచి చూస్తే, గాయం కన్ను కింద ఉంది. కన్నుకు ఏమీ కాలేదు.

సాయంత్రం సంగతి వినగానే నాయన కొడవలి అందుకున్నాడు. "ఇయ్యాల దీని ముళ్లు కోసి పారేస్త."

అమ్మ అడ్డం నిలబడింది. "వద్దయ్యా... ఇనుము తగిలితె మొక్కు చెడుతది. పోరనికి మల్ల జరమొస్తె ఏంజేద్దాం?"

"మరి కన్ను పోతె ఎవరిస్తరే?"

ఇద్దరి మొహాల్లోనూ రంగు లేదు. అప్పటిదాకా భయం పిల్లలకే ఉంటుందనుకునేదాన్ని... ఆ పూట అమ్మానాయనలను చూసి నాకు ఇంకా భయమేసింది.

నాయనమ్మ పొయ్యి మీద ఆలుగడ్డ ఉడకేసింది. "ఇనుము ముట్టొద్దన్నరు గని, ఆలుగడ్డ ముట్టొద్దని ఎవరనలే. మా అమ్మగారింట్ల పుంజు ముళ్లు గిట్లనే తీసేటోళ్లు."

పొద్దుగూకి పుంజు గూట్లోకి చేరాక, నాయన దాన్ని తీసి తలకు తువ్వాలు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అమ్మ ముట్టనంది. కాలు పట్టుకునే పని నామీద పడింది. "గట్టిగ పట్టుకో బిడ్డా... ఉడుకుది తోలుకు తగలొద్దు" అంటూ నాయనమ్మ పొగలు కక్కే ఆలుగడ్డను ముల్లుకు గుచ్చింది. నా పిడికిట్లో దాని కాలు తన్నుకుంటోంది... రెండో చెయ్యి కూడా వేసి పట్టాను.

కాసేపటికి ఆ వేడికి ముల్లు వదులయ్యాక ఆలుగడ్డ తీసి, గుడ్డతో ముల్లును పట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పింది. పైనున్న గట్టి డిప్ప ఊడి వచ్చేసింది. లోపల చిన్న మెత్తటి ముల్లు, దాని మీద ఒక నెత్తురు చుక్క.

ఆ చుక్క చూసి అమ్మ చేతులు జోడించింది. "తప్పయితె నా మీదేస్కో తల్లీ... పోరని జోలికి రాకు."

నాయనమ్మ పసుపు అద్ది రెండో ముల్లూ అలాగే తీసింది.

ఇక పుంజు భయం పోయి జ్వరం భయం పట్టుకుంది. అన్నం తినేటప్పుడు, పక్క వేసేటప్పుడు... ఒకరికి తెలియకుండా ఒకరం తమ్ముడి నుదురు తాకి చూశాం. తెల్లారి నేను చెయ్యి పెట్టబోతే అక్కడ అప్పటికే అమ్మ చెయ్యి ఉంది. వాడు లేచి బువ్వ అడిగాడు. అమ్మ ఏడ్చేసింది.

ఆ ఏడు పండుగకు మొక్కు తీరింది. తమ్ముడికి జ్వరం రాలేదు.

ఇప్పుడు వాడు ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒంట్లో బాగాలేకపోతే గోళీ వేసుకుని డ్యూటీకి పోతాడు... అంతా తగ్గాక ఎప్పుడో ఫోన్లో చెబుతాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, "మీరు భయపడతరని అక్కా" అంటాడు.

వాడి కోసం భయపడే వంతు కూడా ఇప్పుడు మాకు రావడం లేదు...

చిన్నప్పుడు మీకు జ్వరమొస్తే మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడింది ఎవరు? వాళ్ల గురించి నాలుగు మాటలు కింద రాయండి... చదవాలనుంది.