అవ్వ దబ్బనం, అవుతలొడ్డు పడవ

మొన్న మా గల్లీల రోడ్డేస్తుండ్రు. డ్రమ్ముల తారు కుతకుత ఉడుకుతాంటే పోయేటోల్లంత ముక్కులకు దస్తీలు అడ్డం పెట్టుకొని ఉరుకుతుండ్రు. నేను మాత్రం ఆడనే నిలవడ్డ. తారు వాసనొస్తే నాకు ముందుగాల ఒకటే అనుమానం, దీని కింద ఏం దాస్తుండ్రో అని. రోడ్డు మీద గూడ అనుమానమేందే అని నా రూమ్మేట్ నవ్వింది. నవ్వనీ, ఆమె కృష్ణ ఒడ్డున పుట్టలే, మా అవ్వ చేతుల పెరగలే.

మా ఊరు కొల్లాపూర్ దాటినంక, డ్యాం ఎనుకనీళ్లు వచ్చి ఆగే జాగల ఉంటది. ఎండకాలం నీళ్లు ఎనుకకు జరిగితే బయటపడ్డ ఒండ్రుల దోసకాయలు, పుచ్చకాయలు ఏసేటోల్లు. మేము కాళ్లు కాలుకుంట నీళ్ల దాంక ఉరికి, ఆరేసిన వలల నడుమ దొంగాట ఆడి, ఒల్లంత నీసు వాసనతోని, నెత్తినిండ ఇసుకతోని ఇల్లు చేరేటోల్లం. పీర్ల పండుగకు బెల్లం దంచి కలిపిన మలీద, బతుకమ్మకు నువ్వుల సద్ది, ముసురు దినాలల్ల నిప్పుల మీద కాల్చిన ఎండు చేప, జొన్నరొట్టె, ఏదైనా సరే అవ్వ పరీక్ష దాటినంకనే మా నోట్లెకు వచ్చేది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. సంచులు కుట్టే దబ్బనం ఒకటి ఎప్పుడు ఆమె కొప్పుల గుచ్చి ఉండేది. బియ్యం బస్త కొంటే దబ్బనం, పుచ్చకాయ కొంటే దబ్బనం. నూనె సీసను మూడు సార్లు వాసన జూసేది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట" అని దినానికి పదిసార్లు అనేది. ఆమె వస్తున్నదంటే కిరాణపాయన తనే బస్తాల మూతులు ఇప్పి పెట్టుకుంటుండె.

మా అమ్మది అవుతలొడ్డు. మంచు లేని పొద్దున చూస్తే ఆమె తల్లిగారి ఊరి ఇండ్లు మా ఇంటి ముంగటి నుంచే కనవడేవి. తెలంగాణ వచ్చినంక గవే నీళ్లు, గవే చేపలు గాని, అది వేరే రాష్ట్రమైంది. ఇసుకల గీత గీసి కబడ్డీ ఆడితే ఒక దిక్కు తెలంగాణ, ఇంకో దిక్కు ఆంధ్ర. ఆంధ్ర దిక్కుకు ఎవ్వలు పోకపోదురు. మీ అమ్మమ్మోల్లది గదే అని నన్ను నూకేటోల్లు. నాకు మస్తు కోపమొచ్చేది. ఇంట్ల అమ్మ చేపల పులుసుల చింతపండు జర ఎక్కువేస్తే, అంతకుముందు "మీ దిక్కు పులుపు" అనే అవ్వ "మీ ఆంధ్ర పులుపు" అనుడు మొదలువెట్టింది. అమ్మ నవ్వి ఊకునేది.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడు మా పాత పడవ అడుగు పలిగింది. నాకప్పుడు పదేండ్లు. వానకాలం ఎర్రనీళ్లతోని ఎక్కొచ్చే చేపల మీదనే మా ఏడాది బతుకంత. అప్పటికి పడవ లేకుంటే బాపు హైదరాబాద్‌కు కూలికి పోవాలె, నన్ను హాస్టల్ల ఏయాలె. కొత్త పడవ మా తోని కాదు. అమ్మకానికి రెండు పాత పడవలున్నయి. ఒకటి మా ఊర్లనే కుర్మయ్య మామది, బాపు ఆయన్ని బావా అని పిలిచేటోడు. ఇంకోటి అమ్మోళ్ల ఊర్ల మస్తాన్ తాతది, ఆయన జన్మంత పడవలు చేసిన మనిషి. చాయ్ కొట్టు కాడ అందరు ఒకటే మాట. పాతది కొంటే ఊరోని దగ్గరనే కొనాలె, రేపు ఏదన్నైతే గల్ల పట్టుకొని అడగొచ్చు. వేరే రాష్ట్రపోన్ని యాడ దేవులాడుతవ్, నీళ్ల పంచాయతీ ముదిరితే ఆ పడవను గుంజుకపోతరు. అమ్మ మాత్రం, ఒక్కసారి చూసి రాండ్రి అన్నది.

చూడనీకె అమ్మ, బాపు, అవ్వ, నేను వేరేటోల్ల పడవల అవుతలొడ్డుకు పోయినం. మస్తాన్ తాత పడవ ఒడ్డు మీద బోర్లేసి ఉంది. తారు లేదు, రంగు లేదు, ఉత్త కట్టె. అవ్వ కొప్పులకెల్లి దబ్బనం గుంజి ఒక్కొక్క చెక్కను గుచ్చుకుంట పోయింది. పొద్దెక్కింది గాని దబ్బనం ఒక్క జాగల గూడ దిగలే. తాత దగ్గరికొచ్చి, ముక్కు కాడి మూడో చెక్క కొత్తది, పాతది రాయికి తగిలి పగిలితే తనే మార్చిన అని చెప్పిండు. అవ్వ కండ్లు చిన్నగైనయి. అడగకముందే ఒక తప్పు ఒప్పుకున్నడంటే దాసింది అంతకన్న పెద్దదని బాపు చెవుల ఊదింది. తాత ఇంట్ల ముర్మురాల ఉగ్గాణి పెట్టిండ్రు. నేను రెండు పల్లాలు తిన్న. అవ్వ ముట్టలే, అమ్మేటోడు ఎందుకు తినబెడతడట.

అప్పుడు అమ్మ లేసి నిలవడ్డది.

"ఈ పడవలోనే గదత్తా నేను పెళ్లికూతురై మీ ఒడ్డుకొచ్చినది. అప్పుడు లేని అనుమానం ఇప్పుడెట్లొచ్చె?"

అవ్వ దబ్బనాన్ని మళ్ల కొప్పుల గుచ్చుకున్నది. బాపు నీళ్ల దిక్కు చూసిండు. నేను గూడ అమ్మ దిక్కు మాట్లాడలే. వాపసొచ్చేటప్పుడు అమ్మ ఒక్కతే పడవ కొసకు కూసున్నది.

కుర్మయ్య మామ పడవ నీళ్లల్లనే కట్టి ఉండె. కొత్త తారు నల్లగ నిగనిగ మెరుస్తుంది. అవ్వ చెయ్యి కొప్పు మీదికి పోయింది. బాపు ఆ చెయ్యి పట్టుకున్నడు, "మనోడమ్మా" అన్నడు. మా దిక్కు అయినోల్ల పడవకు దబ్బనం గుచ్చుడంటే ఆ మనిషి మొకం మీద ఉమ్మినట్టే. అవ్వ చెయ్యి దించింది. అంత అనుమానపు మనిషి గూడ దించింది! పడవ ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్నం.

ఎర్రనీళ్లు వచ్చిన నాలుగో దినం, పొద్దుగాల అమ్మ, బాపు వల గుంజుతుంటే నేను, అవ్వ ఒడ్డు మీదికెల్లి చూస్తున్నం. దూరంల పడవ నీళ్లల్ల కూసున్నట్టు కిందికి పోయింది. ఇద్దరి నెత్తులు కొద్దిసేపు కనవడి, ప్రవాహంల మళ్ల కనవడలే. మా ఒడ్డున ఆ యాల్లకు ఇంకో పడవ లేదు. అవుతలొడ్డుకెల్లి ఒకటి కదిలింది, అంతే చూసినం. వాళ్లిద్దరి ఫోన్లు పడవలనే ఉండె. మాపటి దాంక ఇద్దరున్నరో, ఒక్కరున్నరో, ఎవ్వలు లేరో ఎరుకలేదు. అవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

"మనోడని వదిలేస్తి బిడ్డా" అన్నది.

వాళ్లిద్దరిని ఒడ్డుకు గుంజింది మస్తాన్ తాతనే, గా ఉత్తకట్టె పడవలనే. మాపటికి ఆయనే తెచ్చి దించిండు. అవ్వ అన్నం పెడితే తిని పోయిండు. వారం దినాలకు మా పడవ ఒక మూలకు కొట్టుకొచ్చి పడ్డది. అవ్వ అడుగు చెక్కకు దబ్బనం పెట్టింది. తారు దాటినంక దారమెక్కిచ్చే చెవి దాంక సర్రున దిగింది, లోపల కట్టెంత పుచ్చింది. కుర్మయ్య మామ దగ్గరికి పోతే ఆయన తలకాయ వంచనన్న వంచలే.

"దబ్బనం తెచ్చుకుంటిరి గద, చూసుకోకపోతే నాదా తప్పు?"

మస్తాన్ తాతను ఆ పడవ అడగనీకె బాపుకు మొకం చెల్లలే. ఆయన హైదరాబాద్‌కు పోయిండు, నేను హాస్టల్‌కు పోయిన. ఇప్పుడు అవ్వ లేదు. రేవుల కట్టె పడవ ఒక్కటి లేదు, అన్ని ఫైబర్‌వే. అప్పుడంటే అమ్మ తల్లిగారిల్లు రెండు తెడ్లేస్తే వచ్చేది, ఇప్పుడు మాకు పడవ లేక బస్సుల చుట్టు తిరిగి పోవాలె, అందుకే ఆమె పోవుడు గూడ తగ్గింది.

మొన్న నేను ఒక పాత స్కూటీ కొందామని రెండు చూసి, ఏది తీసుకోమంటవని అమ్మకు ఫోన్ చేసిన. పడవ మునిగినప్పటి సంది చీర రంగు అడిగినా, నా చదువు అడిగినా అమ్మది ఒకటే జవాబు. మొన్న గూడ అదే చెప్పింది.

"నన్నడుగుతావేందే, నేను ఆ ఒడ్డు మనిషిని గదా."

నవ్వుకుంటనే అన్నది. గా నవ్వును నేను ఇన్నేండ్ల సంది ఒక్కసారి గూడ నమ్మలే.