నేల మీద బ్రేకు

ఆఫీసులో అందరూ ఆయన్ని బ్రేకు బాబాయ్ అనేవారు. డ్రైవరు ఉద్యోగంలో జుట్టు నెరిసిన మనిషి. పక్కవాడు బండి నడిపితే చాలు, ఈయన కుడికాలు ఉత్త నేలనే నొక్కేస్తుంది. బస్సెక్కినా అంతే. నేలకి చిల్లు పెడతారా ఏంటని భార్య తొడ మీద గిల్లేది.

రవాణా శాఖలో మేడమ్ కారు నడిపేది ఆయనే. డ్రైవరు లేని బళ్లకి రూల్సు రాసే కమిటీకి ఆవిడే పెద్ద. వెనక సీట్లో కూర్చుంటే ఫైల్లోంచి తల ఎత్తేది కాదు. రోడ్డు సంగతి చూడ్డానికి నువ్వున్నావుగా అనేసింది ఓసారి. అదే ఆయనకి పెద్ద బిరుదు.

రూల్సన్నీ తేలాయి గానీ ఒక్కటి మిగిలింది. ఆ బండి డ్రైవరు సీట్లో ఒక మనిషి ఉండాలా, అక్కర్లేదా? అక్కర్లేదని బండి చేసిన కంపెనీ ఒకటే పోరు. సరే, చూసే రాద్దామంది మేడమ్. మొదటి పరీక్షకి ఈయన్నే సీట్లో కూర్చోబెట్టారు. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి, ఏం జరిగినా కాలు కదపకూడదు, కదిపితే ఉద్యోగం ఉండదని మేడమే గట్టిగా చెప్పింది.

రోడ్డుకి అడ్డంగా లాగడానికి గడ్డి కూరిన బొమ్మ ఒకటి చేశారు. దానికి తొడగడానికి పాత బట్టలు కావాలంటే ఈయనే తన పాత యూనిఫాం చొక్కా ఇచ్చాడు. ఇచ్చినప్పుడు నవ్వుకున్నాడు కూడా. తీరా బండి దూసుకెళ్తుంటే ఆ చొక్కా ఎదురొచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కాలు దాని పని అది చేసేసింది.

బండి ఆగింది. కమిటీ చప్పట్లు కొట్టింది. ఆగింది తన కాలి వల్లేనని ఆయనకి తెలుసు. వెనక సీట్లో ల్యాప్‌టాప్ చూస్తున్న కంపెనీ ఇంజనీరుకీ తెలుసు. ఆ కుర్రాడు దిగుతూ భుజం తట్టి, మెల్లగా అన్నాడు.

"ఉద్యోగం జాగ్రత్త బాబాయ్."

ఆ మాటతో మొదలైంది భయం. అన్నం సయించదు. కన్ను మూస్తే ఆ చొక్కాయే. భార్య అడిగితే వేడి చేసిందన్నాడు. చెబితే ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికొస్తుందో. కక్కలేక మింగలేక చచ్చాడు పాపం.

రెండో పరీక్షకి సీటు ఖాళీ. బొమ్మ కూడా లేదు. రూలు రాసేది నేను కాబట్టి దాటాల్సిందీ నేనేనని మేడమ్ మొండికేసింది. హ్యాండ్‌బ్యాగు ఈయన చేతిలో పెట్టి, వెళ్లి తెల్లగీత దగ్గర నిలబడింది. ఆ చివర బండి లైట్లు వెలిగాయి. బండి వదలమని ఇంజనీరు చెయ్యి ఎత్తబోతుంటే, ఈయన బ్యాగుతో సహా పరిగెత్తి ఆవిడకి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండమ్మా. ఆ రోజు బండి ఆగలేదు. నేనే ఆపాను."

"కాలు పెట్టొద్దన్నానా లేదా?"

"అన్నారు. భయం వేసిందమ్మా."

ఇంజనీరు నవ్వేశాడు. బాబాయ్ కాస్త తొందరపడ్డాడంతే, లేకపోతే బండి తనంతట తానే ఆగేదని, ఇప్పుడూ ఆగి తీరుతుందని హామీ ఇచ్చాడు. మేడమ్ అంతా విని, గీత దగ్గర్నుంచి పక్కకి జరిగింది.

"అయితే నువ్వు దాటు బాబూ."

కుర్రాడి మొహంలో నవ్వు అలాగే ఉంది. కాలు మాత్రం గీత దాటలేదు. కమిటీవాళ్లు తలలు దించుకున్నారు. ఆ రోజుకి పరీక్ష లేదంటూ మేడమ్ వచ్చి కారెక్కింది. వెనక కాదు, ముందు సీట్లో.

తన ఉద్యోగం ఉందో పోయిందో అడిగే ధైర్యం ఈయనకి లేదు. ఫోను బ్యాగులో మోగుతున్నా ఆవిడ తియ్యలేదు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. మలుపులో బస్సొకటి ఉన్నట్టుండి అడ్డమొచ్చింది. ఈయన బ్రేకు నొక్కాడు.

పక్కన టప్పున చప్పుడైంది. చూస్తే, మేడమ్ కుడికాలు ఉత్త నేలని గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. బస్సు వెళ్లిపోయినా ఆవిడ కాలు తియ్యలేదు.