ఎడమ అద్దం

ముత్తుసెల్వి ఇంటి రేకుల పంచలో, దూలం మీద గువ్వల జంట గూడు కట్టుకుంది. గూట్లో రెండు గుడ్లున్నాయి. గూటి కిందే చనిపోయిన భర్త తంగవేల్ మోటారు సైకిలు నిలబెట్టి ఉంది. వెనక కూర్చున్న పెళ్లాం ముఖం కనబడాలని దాని ఎడమ అద్దాన్ని అతను లోపలికి తిప్పుకున్నాడు. రెండేళ్లుగా ఆమె బండంతా తుడుస్తుంది గాని ఆ అద్దం జోలికి పోదు.

పగటిపూట గుడ్లు పొదగవలసిన మగ గువ్వ, అద్దంలో తనను తాను చూసుకుని పరాయి మగది వచ్చిందనుకుంది. మెడ ఉబ్బించి, వంగి వంగి కూసి, రెక్కలతో కొట్టింది. మూడో రోజుకి ముక్కు దగ్గర నెత్తురు కనబడింది. ఆడది మేతకైనా పోకుండా గూట్లోనే ఉండిపోయింది.

"వదినే, పెండ్లాన్ని ఎవడో ఎత్తుకుపోతాడని సండకు, కొట్లాటకు నిలిచినాడు వీడు. ఆ అద్దం తిప్పేస్తే సరిపాయ," అన్నాడు మరిది మహేశ్వరన్.

"నువ్వు ముట్టుకోవద్దప్పా. నేను చూసుకుంటాను."

రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో ఆమెకు పని. మర్నాడు ఒక గుడ్డ ముక్క తెచ్చి అద్దానికి చుట్టింది. ఎంత మెల్లగా చుట్టినా అద్దం చేతికింద తిరిగిపోయింది.

కట్టు విప్పి, మొదటిసారి భర్త సీట్లో కూర్చుంది. వెనక సీటు కనబడేదాకా అద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. కనబడింది. కానీ అతను ఆమెకన్నా జానెడు పొడుగు. అతనికి తను ఎలా కనబడేదో ఇక తెలిసే దారి లేదు.

మళ్లీ కట్టు చుట్టి, ఈసారి గట్టిగా ముడి వేసింది. మరుసటి రోజు మధ్యాహ్నానికి మగ గువ్వ గుడ్ల మీద కూర్చుంది.