అడుగంటని లోషన్ సీసా

మా పక్కింటి లక్ష్మమ్మ ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోములో ఆయా. డ్యూటీ దిగి వస్తే వీధంతా లోషన్ వాసనే.

"నువ్వొస్తాంటే దోమలు గూడా దారిస్తాండాయే!" అనేదాన్ని.

"నీ నోటికైతే మనుషులే దారిస్తారు దిల్షాదక్కా," అనేది నవ్వుతూ.

ఆమె ఇంట్లో బియ్యం కుండ ఎన్నడూ ఖాళీ కానిచ్చేది కాదు. గుప్పెడు ఉండగానే పైన కొత్త బియ్యం పోసేది. కుండ అడుగు కనబడితే ఇంటికి అరిష్టమని వాళ్లమ్మ నేర్పింది. ఆసుపత్రిలోనూ అదే అలవాటు. కుట్లు తుడిచే లోషన్ సీసాలో పాతది కాస్త ఉండగానే కొత్తది కలిపి పోసేది. సీసా నిండుగా కనబడితే నర్సులకూ సంతోషమే.

జమ్మలమడుగులో కాపురముంటున్న కూతురు తబితాను కాన్పుకు తెచ్చి అక్కడే చేర్పించింది. ఆపరేషన్ చేసి మగపిల్లవాణ్ణి తీశారు. బిడ్డ బాగున్నాడు. తల్లి కుట్లు మాత్రం చీము పట్టాయి. మందులు మార్చినా జ్వరం దిగలేదు. లక్ష్మమ్మ నర్సు చేతులు పట్టుకుని, "ఇంగ రోంత లోషన్ పెట్టి తుడువు పాపా," అని బతిమాలేది.

డాక్టరు చీముతోపాటు సీసాలోని లోషన్ను కూడా పరీక్షకు పంపించాడు. రెండింటిలో ఒకే రకం క్రిమి ఉందట. పసివాణ్ణి ఎత్తుకుని అక్కడే ఉన్న నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"క్రిముల్ని సంపే మందులో క్రిమి ఎట్ల బతుకుతాది సారూ?"

"పాత లోషన్ బలం తగ్గిపోతాదమ్మా. అందులో చావకుండా మిగిలినవి మందుకు అలవాటు పడతాయి. పైన కొత్తది పోస్తే దాంట్లోనూ బతుకుతాయి. సీసా కడిగి, ఆరబెట్టినాకే పోయాల. అది మేమూ చూసుకోలేదు."

లక్ష్మమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"అయితే నేను పోసిందేనా సార్, నా బిడ్డకు ఎక్కింది?"

డాక్టరు తలూపి, కడప పెద్దాసుపత్రికి చీటీ రాయసాగాడు.

తబితాను కడపకు తరలించారు. పసివాడు నా దగ్గరే ఉన్నాడు. మరునాడు బట్టల కోసం ఇంటికొచ్చిన లక్ష్మమ్మ బియ్యం కుండను చాపమీద బోర్లించింది. గింజ మిగలకుండా దులిపి, కడిగి, ఎండలో పెట్టింది.

"ఏం చేస్తాండావే? గుప్పెడన్నా ఉంచు," అన్నాను.

"వద్దక్కా."

అంతలో అల్లుడు జయకర్ ఫోన్ చేశాడు. ఆమె చేతులు తడిగా ఉన్నాయని నేనే తీశాను.

"జరం ఇంగా దిగలేదు పెద్దమ్మా. కళ్లు తెరవడంలే. అత్తను బిరీన రమ్మను."

లక్ష్మమ్మ బట్టల మూట కూడా మరిచి బస్టాండు వైపు పరుగెత్తింది. నా ఒడిలో పసివాడు పాలకు ఏడుస్తున్నాడు.