మాట తగ్గితే మంచిపిల్ల అన్నారు

పాపకు మూడో నెల. బీడీలు చుడుతూ కూర్చున్నాను. పాప ఏడుస్తోంది. వినబడుతూనే ఉంది, లేవాలనిపించలేదు. ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు ఉంది. అప్పుడు మొదటిసారి భయమేసింది.

నేను వాగుడుకాయను. బోధన్‌లో బస్సెక్కితే నిజామాబాద్ వచ్చేలోపు పక్కసీటు ఆమె కథంతా కనుక్కునే రకం. అలాంటిదాన్ని మాట మానేస్తే ఇంట్లో అందరూ సంతోషించారు. "తల్లయినంక బుద్ధొచ్చింది మా కోడలికి" అని అత్త వాడంతా చెప్పుకుంది. నిద్ర లేదు, తిండి లేదు. మంచిపిల్ల అన్న పేరు మాత్రం వచ్చింది.

సంగతి పసిగట్టింది మా మహిళా సంఘం లీడర్ సాయవ్వ. మనసు బాగాలేనివాళ్లను గుర్తుపట్టి ముందుగా ఆదుకోవడం నేర్పే మానసిక ప్రథమ చికిత్స ట్రైనింగ్‌కు మా గ్రామ కమిటీ డబ్బు పెట్టి ఆమెనొక్కదాన్నే పంపింది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు బీడీ ఆకు కత్తిరించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"బిడ్డా, సచ్చిపోవాల్నని అనిపిస్తున్నదా?"

అత్త లోపల్నుంచి ఉరికొచ్చింది. "గదేం మాటనే సాయవ్వా! పచ్చి బాలింతను పట్టుకొని!"

"అడిగితే లేని ఆలోచన రాదు వదినె. అడగకుంటెనే భయం. జర ఆగు."

నేను "ఊ" అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు. ఆ పూటే సాయవ్వ నన్ను నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టర్ మేడం థైరాయిడ్ టెస్ట్ చేయించింది, అందులో ఏం తేలలేదు. "ఇది పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్, కాన్పు తర్వాత వచ్చే మనసు జబ్బు. నీ తప్పేం లేదమ్మా. నేను చెప్పేదాకా టాబ్లెట్స్ ఆపొద్దు" అంది. రెండు నెలలకు బాగైపోయాననుకుని నేనే ఆపేశాను. ఊళ్లో పసుపు పంట తవ్వి ఉడకబెట్టే రోజులొచ్చేసరికి మళ్లీ మంచం పట్టాను. మేడం తిట్టలేదు. "బాగైంది టాబ్లెట్స్ వల్లే కదమ్మా" అని మళ్లీ మొదలుపెట్టింది.

నేను కోలుకునే సమయానికి కమిటీ మీటింగ్ పెట్టారు. ఇంకొందరిని ట్రైనింగ్‌కు పంపమని సాయవ్వ అడిగితే, అధ్యక్షుడు ఆ డబ్బుతో ఊరి మొదట్లో కమాన్, అదే స్వాగత ద్వారం, కట్టాలన్నాడు.

"ఒక్కామె నేర్సుకున్నది గదా, సాలదా?"

పాపను చంకనేసుకుని లేచాను. "అన్నా, గా దినం సాయవ్వ భీమ్‌గల్‌ల సుట్టాలింటికి పోయుంటే నన్నెవ్వలు అడుగుతుండిరి? కమాన్ అడుగుతుండెనా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పాపను చూశాడు. "ఎవలెవలు పోతరో పేర్లు రాయిండ్రి. ముందుగాల నాది రాయిండ్రి" అన్నాడు. మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్, ఆశా అక్క, రేషన్ డీలరన్న కూడా వెళ్లారు. ఖర్చు కమిటీదే.

ఇప్పుడు పాప నడుస్తోంది. నాకు రోజుకొక టాబ్లెట్ ఇంకా ఉంది, మేడం చెప్పేదాకా ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా నాలా ఉంటే "బాగున్నావా" అని అడగకండి, బాగున్నాననే అంటారు. నిద్ర పడుతోందా, చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగి లేచిపోకండి. ఆస్పత్రికి పొమ్మని చెప్పి ఊరుకోకండి, ఆ బస్సు మీరూ ఎక్కండి.