మామూలు పెట్రోల్ తాగని కారు

మా కారు ఇస్తామని నా నోటితో నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.

నేను సూర్యాపేటలో ఒక ఆసుపత్రిలో నర్సును. అదే వార్డులో పనిచేసే నా స్నేహితురాలు నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆమె భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల పెళ్లి కోదాడలో, తల్లి పుట్టింటివాళ్లు వెళ్లే చర్చిలో కుదుర్చుకున్నారు. ఒకరోజు డ్యూటీ దిగుతూ, "పెండ్లిపిల్లను తీస్కపోనీకి మంచి కారు ఏదన్న కిరాయికి దొరుకుతదా అక్కా?" అని అడిగింది. పక్కన మిగతా సిస్టర్లు చేతులు కడుక్కుంటున్నారు. వాళ్లకు వినపడాలనే కొంచెం గట్టిగా అన్నాను. "కిరాయి ఎందుకే? మా కారు లేదా?"

నా భర్తకు టైల్స్ దుకాణం ఉంది. ఆయన హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద విదేశీ కారు అది. ఎవరో డాక్టరు వాడి వదిలేశాడట. మా చేతికి వచ్చేసరికే ముసలిదయింది. తోలు సీట్లు అక్కడక్కడ పగిలాయి, వెనక కిటికీ ఒకటి దిగితే ఎక్కదు. అయినా దూరం నుంచి చూస్తే రాజసంగా ఉంటుంది. మా వీధిలో ఆగితే జనం తలుపులు తీసుకుని చూసేవారు.

అమ్మిన బ్రోకరు ఒక మాట గట్టిగా చెప్పాడు. దీంట్లో మామూలు పెట్రోల్ పొయ్యొద్దు, ప్రీమియమే పొయ్యాలని. పెట్రోల్ మూత లోపలివైపు కూడా ఎవరో ఎర్ర స్టిక్కర్ అంటించి ఉంచారు, ప్రీమియం మాత్రమే అని. మా ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇంటికి ఎవరొచ్చినా తిప్పి తిప్పి అక్కడికే తెచ్చేవాడు. "మామూలుది తొంభై ఒకటి ఆక్టేన్, ప్రీమియం తొంభై ఐదు. నంబరు తక్కువైతే పెట్రోల్ టైముకు ముందే అంటుకుంటది. లోపల టకటక కొడ్తది. ఇంజన్ ఖతం." టైల్స్ కొనడానికి వచ్చినవాళ్లకూ ఇదే పాఠం. నేనేమీ తక్కువ తినలేదు. చిన్న పిల్లవాడు ప్యాకెట్ పాలు తాగడు అని తల్లులు ముద్దుగా చెప్పుకున్నట్టు, మా కారు మామూలు పెట్రోల్ తాగదు అని ఆసుపత్రిలో చెప్పుకునేదాన్ని.

పెళ్లిరోజు పొద్దున బంతిపూలు కాకుండా తెల్ల చామంతులు కట్టించి కారును వాళ్ల ఇంటిముందు నిలిపాం. బంధువుల బస్సు ముందే వెళ్లిపోయింది. వెనక సీట్లో తెల్ల చీరలో పెళ్లికూతురు, ఆ పక్కన తల్లి, ఇంకో పక్క తోడుపెళ్లికూతురు. నేను ముందు సీట్లో. పెళ్లికూతురి మేనమామ, అంటే నా స్నేహితురాలి తమ్ముడు, కార్లో చోటు లేక బైకు మీద మా వెనకే బయలుదేరాడు. తండ్రి లేని పిల్ల కాబట్టి చర్చిలోకి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయేది ఆయనే.

ట్యాంకులో పెట్రోల్ అడుగంటిందని నాకు తెలియదు. మేము ఎప్పుడూ పోయించుకునే పంపులో ముందురోజు ప్రీమియం అయిపోయిందట. దారిలో చూద్దామని మా ఆయన ఊరుకున్నాడు. మునగాల దగ్గరికి వచ్చేసరికి ఎర్ర లైటు వెలిగింది. పంపులోకి తిప్పాడు. అక్కడి మనిషి కారును ఒకసారి, లోపలున్న పెళ్లికూతురిని ఒకసారి చూసి, "ప్రీమియం లేదు సార్, లోడ్ రాలే. మామూలుది పొయ్యాల్నా?" అన్నాడు.

"వద్దు. కోదాడలో దొరుకుతది" అన్నాడు మా ఆయన.

వెనక నుంచి నా స్నేహితురాలు మెల్లగా అంది. "అన్నా, జరంత మామూలుదన్న పోపిచ్చుకోరాదు? మళ్ల దార్ల ఏమన్న అయితే?"

"ఇంజన్ ఖరాబైతది చెల్లె. ఏం గాదు, లైటు పడ్డంక కూడ మస్తు దూరం పోతది."

నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆయన వినేవాడేమో. కానీ మామూలు పెట్రోల్ తాగదని ఊరంతా చెప్పినదాన్ని, ఇప్పుడు పొయ్యమని ఎలా అంటాను? సిగ్గనిపించింది. నిజానికి ఆ రోజు నాకు మొదట కలిగిన సిగ్గు అదే, అది కూడా తప్పుడు సిగ్గు.

కొంత దూరం పోగానే రోడ్డు పని దగ్గర వాహనాలు నిలిచిపోయాయి. పెళ్లికూతురి మేకప్ కరగకుండా ఏసీ నిండుగా పెట్టుకుని అక్కడే ఉన్నాం. వరుస కదిలింది, మేమూ కదిలాం, ఒక డాబా కనపడుతుండగా కారు రెండుసార్లు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. మా ఆయన మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశాడు. తర్వాత స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

దిగాం. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. బైకులవాళ్లు వేగం తగ్గించి పూల కారును, తెల్ల చీరను చూసి పోతున్నారు. డాబా ముందు మంచాల మీద కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు. ఒకాయన, "గంత పెద్ద కార్ల పెట్రోల్ లేదా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగిలిందో తెలియదు. పెళ్లయినప్పటి నుంచి నలుగురిలో మా ఆయనను మీరు అనే పిలిచే నేను, అంతమంది ముందు అరిచాను.

"నీకు బుద్ధుందా? ఆ పిల్ల పెండ్లి కంటె నీకు ఇంజనే ఎక్కువైందా?"

ఆయన నా వైపు చూడలేదు. నా స్నేహితురాలే నా చెయ్యి పట్టుకుని, "ఊకో అక్కా, ఊకో" అంది. బిడ్డ పెళ్లి ఆలస్యమవుతున్న మనిషి నన్ను ఓదారుస్తోంది.

అప్పటికి మేనమామ వచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బైకు పక్కకు ఆపి, కొత్త తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, దాని ట్యాంకు కింది పైపు పీకాడు. డాబాలో నీళ్ల బాటిళ్లు అడిగి తెచ్చి వాటిలోకి పెట్రోల్ పట్టాడు. పైపు జారి ఆయన మోచేతి దాకా పెట్రోల్ కారింది. కారులో పొయ్యడానికి గరాటా లేదు. పెళ్లికూతురే తన పెళ్లికార్డు ఒకటి ఇస్తే, దాన్ని చుట్టి మా ఆయన పట్టుకున్నాడు, మేనమామ పోశాడు.

నేను పక్కనే నిలబడ్డాను. పోస్తుంటే కొంత తొణికి మూత మీద పడింది. ఎర్ర స్టిక్కర్ అంచు తడిసి జిగురు వదిలి వేలాడింది. దాని కింద కంపెనీవాళ్లు అంటించిన చిన్న లేబుల్ ఉంది. తొంభై ఐదు మంచిది, కనీసం తొంభై ఒకటి ఉండాలి. ఇంగ్లీషులో అంతే రాసి ఉంది. మా ఆయన చదివాడు. నేను చదివానని కూడా చూశాడు. బొటనవేలితో ఆ స్టిక్కర్‌ను మళ్లీ అదిమి మూత వేశాడు. మేనమామ బాటిల్ చివరి చుక్కలు దులుపుతున్నాడు, ఆయన చూడలేదు.

కారు స్టార్టయింది. బైకులో మాత్రం ఇక ఏమీ మిగల్లేదు.

"మీరు పోండ్రి, నేను ఎట్లనో అట్ల వస్త" అన్నాడు మేనమామ. నడిపించాల్సిన మనిషి లేకుండా పిల్ల ఎలా పోతుంది? ముందు తలుపు తీసి, "మీరు నా సీట్ల కూసోండి. బండి నేను చూస్కుంట" అన్నాను. అందరూ అది నా త్యాగం అనుకున్నారు. కాదు. ఆ కార్లోంచి దిగి చర్చి ముందు నిలబడే ముఖం నాకు లేదు.

కారు వెళ్లిపోయింది. పట్టుచీర, మల్లెపూలు, పక్కన ఖాళీ బైకు. డాబా నడిపే ఆవిడ కుర్చీ తెచ్చి వేసి, చాయ్ ఇచ్చి, "ఇందాకటి పెండ్లి కారు మీదేనా అమ్మా?" అని అడిగింది.

"కాదు. నేను బస్సు కోసం చూస్తున్న" అన్నాను.

ఆవిడ బైకు వైపు చూసింది, నా చీర వైపు చూసింది, ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. చాయ్ చల్లారింది. రెండు బస్సులు నా ముందు నుంచే పోయాయి.

ఎండ నడినెత్తికి వచ్చాక అదే పూల కారు డాబా ముందు ఆగింది. ఆవిడ గుమ్మంలోనే ఉంది. నేను తల ఎత్తలేదు. మేనమామ చిన్న డబ్బాతో పెట్రోల్ పట్టుకుని దిగాడు. "పెండ్లి మంచిగైంది అక్కా. పాస్టరుగారు ఆగిన్రు. నువ్వే లేకపోతివి" అన్నాడు. చేతులు వాసన చూసుకుని నవ్వాడు. "సబ్బుతోని కడిగిన, పోలే. పిల్ల చెయ్యి పట్టుకుంటే ఆమె చెయ్యి గూడ పెట్రోల్ వాసనే." బైకులో పోసుకుని వెళ్లిపోయాడు.

కార్లో మేమిద్దరమే మిగిలాం. కారు మళ్లీ కోదాడ వైపు తిరిగాక అడిగాను.

"ఏది పోపిచ్చిన్రు?"

"మామూలుదే."

"కోదాడలో గూడ ప్రీమియం లేదా?"

"ఉంది."

కారు ఎప్పటిలాగే నడిచింది. నేను చెవులు రిక్కించి విన్నాను, ఏ టకటకా లేదు. పెళ్లి భోజనాల దగ్గర నా స్నేహితురాలు తానే వచ్చి నా విస్తట్లో కూర వేసింది.

రెండు రోజుల తర్వాత మిర్యాలగూడలో అబ్బాయివాళ్ల విందు. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుందామనుకుంటుంటే ఆమె ఫోన్ చేసింది. "అక్కా, మీ కార్లనే పోదాం. నాకు ఇంకెవ్వరున్నరు?" ఇక కాదనలేకపోయాం. గరిడేపల్లి, నేరేడుచర్ల మీదుగా, వడ్ల ట్రాక్టర్ల వెనక మెల్లగా వెళ్లాం. దారి పొడుగునా ఆమె మా ఆయనతో వరి ధరల గురించి, వానల గురించి మాట్లాడింది. పెట్రోల్ మాట ఎత్తలేదు.

అబ్బాయి తండ్రికి రైస్ మిల్లులకు తిరిగే లారీలు ఉన్నాయి. భోజనాలయ్యాక కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బండి మంచిగుంది. మొన్న పిల్ల లేటైతే మావోళ్లు పరేషానైన్రు. దార్ల బండి గిట్ల ఆగిందా?" అన్నాడు.

నా స్నేహితురాలు వెంటనే అందుకుంది. "లేదు బావగారూ, ఫొటోల కోసమని మేమే ఆపుకున్నం."

నేను నేలచూపులు చూస్తున్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"లేదన్నా. పెట్రోల్ అయిపోయింది. చెల్లె పోపిచ్చుకోమన్నది, నేనే ఇనలే. ప్రీమియం తప్ప పొయ్యొద్దనుకున్న. మూత మీద రాసే ఉంది, తొంభై ఐదైతే మంచిది, తొంభై ఒకటైనా నడుస్తదని. చదువుకున్నోన్ని, ఏనాడూ స్టిక్కర్ లేపి సూడలే."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబ్బాయి తండ్రి ఎగతాళి చేయలేదు. "అయితె ఇప్పుడు ఏది పోస్తున్నరు?" అని మామూలుగా అడిగాడు.

"దొరికితే తొంభై ఐదు. దొరక్కపోతే తొంభై ఒకటి."

"గదే కరెక్టు" అని ఆయన మా ఆయన భుజం తట్టి సోడా తాగుదామని లోపలికి తీసుకుపోయాడు.

తిరిగి వస్తున్నప్పుడు, వెనక సీట్లో ఆమె నిద్రపోయాక, నేను మొదలుపెట్టాను. "ఆనాడు రోడ్డు మీద నేను మిమ్మల్ని..." ఆయన గేరు మారుస్తూ, "ఇంకా దూరముంది, నువ్వు గూడ జర పండుకో" అన్నాడు. కోపంగా కాదు. నేను ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇప్పటికీ చేయలేదు.

మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, పెళ్లికి సెలవు దొరకని సిస్టర్లు నా చుట్టూ మూగారు. "చర్చిల పిల్ల ఎట్లుంది సిస్టర్? మేనమామ చెయ్యి పట్టుకొని వస్తుంటే ఏడ్చిందా? మీ కారును అందరు సూసిన్రా?"

ఆ సమయంలో నేను డాబా ముందు కుర్చీలో ఉన్నాను. అవతలి మంచం దగ్గర సెలైన్ మారుస్తున్న నా స్నేహితురాలు తల తిప్పకుండానే చెప్పింది. "మస్తు ఏడ్చింది. అక్క ముందు వరుసలనే కూసున్నది గదా, అక్క గూడ ఏడ్చింది."

మా ఆయనలా నేనూ అప్పుడు నోరు తెరిచి, లేదు, నేను అక్కడ లేను అని ఉండొచ్చు. పేషెంటు చేతికి బీపీ పట్టీ చుడుతూ ఉండిపోయాను.