యూదాకి తెచ్చిన అంబలి

ఒడిశాలోని సునాబెడలో నర్సుగా పనిచేస్తున్న నేను సెలవు పెట్టి, శ్రీకాకుళం నుంచి వచ్చిన క్రైస్తవ నాటక బృందంతో కొరాపుట్ ఊళ్లు తిరిగాను. వాళ్ల తెలుగు మాటల్ని మైకులో అక్కడివాళ్ల దేశియా భాషలో చెప్పడం నా పని.

బొయిపరిగుడ సంతలో సిలువ నాటకం అయ్యాక జనమంతా యేసు వేషం వేసినతని చుట్టూ మూగారు. ఒక ముసలావిడ మాత్రం గిన్నెడు రాగి అంబలి తెచ్చి యూదా వేషగాడి చేతిలో పెట్టింది.

దర్శకుడు కంగారుపడ్డాడు. "సిస్టర్, యేసుని పట్టించిన ద్రోహి ఇతనేనని సెప్పండి."

చెప్పాను.

"తెలుసమ్మా. ఇందాకట్నించి ఏడుస్తున్నాడు కదా, తాగనీ," అందావిడ.

యూదా వేషగాడు నావైపు చూశాడు. "ఏటి సెయ్యమంటారు సిస్టర్? తాగొచ్చా?"

ఆవిడ ఎదురుగా నిలబడే ఉంది. అతను తాగేశాడు.

రామనగుడ వెళ్లే దారిలో, నాటకంలో ఆ ఏడుపు తగ్గించమని దర్శకుడు అతనికి గట్టిగా చెప్పాడు. నేనే కథని తప్పుగా చెప్పానేమోనని నా మాటలు నేనే గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను.

రామనగుడ నాటకంలో అతను ఇంకా ఎక్కువ ఏడ్చాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. దర్శకుడు నావైపు చూశాడు. సంతోషించాలో ఆపమనాలో ఇద్దరికీ తెలియలేదు.